ఆర్కేడ్ పెట్టెలో ఇంటి టీవీ: సిగ్నల్ ఎక్కడ కలిపితే ఎలాంటి బొమ్మ వస్తుంది

1972లో అమెరికాలో అల్ ఆల్కార్న్ అనే యువ ఇంజనీరు వాల్‌గ్రీన్స్ దుకాణానికి వెళ్లి 75 డాలర్లు పెట్టి ఒక హిటాచీ బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాడు. నాలుగడుగుల చెక్కపెట్టెలో దాన్ని బిగించి, తాను తయారుచేసిన సర్క్యూట్‌ను దానికి కలిపాడు. అటారీ కంపెనీ పాంగ్ ఆటకు అదే మొదటి నమూనా. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక బార్‌లో దాన్ని పెడితే జనం ఎగబడి ఆడారు. అంతకు ముందు ఏడాది వచ్చిన కంప్యూటర్ స్పేస్ పెట్టెలో ఉన్నదీ జనరల్ ఎలక్ట్రిక్ వారి 15 అంగుళాల ఇంటి టీవీయే. అంటే నాణెం వేసి ఆడే తొలి వీడియో గేముల్లో ఈ రెండూ పుట్టింది ఇంటి టీవీలోనే. ఆర్కేడ్ (డబ్బులు వేసి ఆడుకునే గేమ్ షాపు) కోసమే ప్రత్యేకంగా చేసిన మానిటర్లు ఆ తర్వాత వచ్చాయి.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. పాత గేమ్ పెట్టెల్ని కొని బాగుచేసుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్లలో ఎప్పుడూ తెగని ప్రశ్న ఒకటుంది: మానిటర్ చచ్చిపోతే దాని చోట పాత డబ్బా టీవీ పెట్టొచ్చా? ఇళ్లకు వాడే పిక్చర్ ట్యూబులు ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు. ఆర్కేడ్ మానిటర్ విడిభాగాలు దొరకడం ఏటికేడాది కష్టమవుతోంది. పనిచేసే 21 అంగుళాల టీవీలేమో అటకల మీదా పాతసామాన్ల కొట్లలోనూ ఇంకా దొరుకుతున్నాయి. అడిగితే ఒకాయన "భేషుగ్గా పెట్టొచ్చు, నేను పెట్టాను" అంటాడు. ఇంకొకాయన "ఆ పని చేయకు, బోర్డు మాడిపోతుంది" అంటాడు. నాకు తెలిసినంతలో ఇద్దరిదీ అబద్ధం కాదు. "టీవీ పెట్టడం" అనే ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు పనులున్నాయి. ఎవరు ఏ పని గురించి మాట్లాడుతున్నారో చెప్పుకోకపోవడంతోనే గందరగోళం.

టీవీలో ఎక్కువ ఉన్నదేమిటి

ఇంటి టీవీలో సిగ్నల్ ఒక వరుసలో నడుస్తుంది. యాంటెన్నా నుంచి వచ్చింది ముందు ట్యూనర్‌లోకి వెళ్తుంది. అక్కడ ఛానెల్ విడదీస్తే మామూలు వీడియో సిగ్నల్ వస్తుంది. పసుపు రంగు ఏవీ సాకెట్‌లో మనం గుచ్చేది ఈ సిగ్నల్‌నే. వెలుగు, రంగు, సింక్ అన్నీ అందులో ఒకే తీగ మీద కలగలిసి ఉంటాయి. తర్వాతి మెట్టులో కలర్ డీకోడర్ వాటిని విడదీసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సిగ్నళ్లు చేస్తుంది. ఈ మూడింటినే ఆర్‌జీబీ అంటాం. ఇవి ట్యూబు మెడ వెనకున్న బేస్ కార్డుకు వెళ్లి, అక్కడ బలం పుంజుకుని, ట్యూబు లోపలి మూడు ఎలక్ట్రాన్ గన్‌లను నడుపుతాయి.

పక్కనే ఇంకో పని జరుగుతుంటుంది. ప్రతి గీత ఎక్కడ మొదలవ్వాలో, ప్రతి బొమ్మ పైనుంచి ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే గుర్తులే సింక్. టీవీ వాటిని పట్టుకుని ట్యూబు మెడకు చుట్టి ఉన్న రాగి చుట్టల్లోకి కరెంటు పంపుతుంది. ఆ చుట్టలే యోక్. అవి పుట్టించే అయస్కాంత బలం ఎలక్ట్రాన్ పుంజాన్ని అడ్డంగా, నిలువుగా తిప్పి తెరను నింపుతుంది. అడ్డంగా తిప్పే సర్క్యూట్‌తో కలిసి పనిచేసే ట్రాన్స్‌ఫార్మరే మన మెకానిక్‌లు ఎల్‌ఓటీ అనేది. ట్యూబుకు కావలసిన 20 వేలు, 25 వేల వోల్టుల అధిక వోల్టేజి, అంటే ఈహెచ్‌టీ దాన్నుంచే వస్తుంది.

ఇక ఆర్కేడ్ మానిటర్ అంటే ఈ వరుసలో వెనక సగమే. దానికి ట్యూనర్ లేదు, రంగులు విడదీసే డీకోడర్ లేదు, రిమోట్ లేదు. గేమ్ బోర్డు (ఆటను నడిపే సర్క్యూట్) నేరుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ ఇస్తుంది, మానిటర్ నేరుగా తీసుకుంటుంది. 1980ల మధ్యలో జపాన్ తయారీదారుల సంఘం పెట్టిన జామా ప్రమాణంలో గేమ్ బోర్డు అంచున 56 కాంటాక్టులు ఉంటాయి. వీడియో కోసం అందులో ఈ నాలుగు తీగలూ ఒక గ్రౌండూ మాత్రమే.

ట్యూబుల సంగతికొస్తే రెండింటికీ చాలాసార్లు ఒకే రకం ట్యూబులు వాడారు. అమెరికన్ ఆర్కేడ్ మానిటర్లు చేసిన వెల్స్-గార్డ్‌నర్, కెనడా కంపెనీ ఎలక్ట్రోహోమ్ రెండూ అంతకు ముందు నుంచీ టీవీలు చేసినవే. కాబట్టి టీవీ, మానిటర్ వేరే జాతులు కావు. టీవీ అనే పొడవాటి వరుసలోకి గేమ్ బోర్డు సిగ్నల్‌ను ఏ మెట్టు దగ్గర కలుపుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ముందు కుదరాల్సింది గీతల వేగం

ఎక్కడ కలిపినా ఒక షరతు తప్పదు. పుంజం సెకనుకు ఎన్ని అడ్డగీతలు గీస్తోంది అన్న లెక్క బోర్డుకూ టీవీకీ దగ్గరగా ఉండాలి. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 15,625. అంటే 15.625 కిలోహెర్ట్జ్. అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీలో ఇది సుమారు 15,734.

ఇప్పుడు మనవాళ్లకు బాగా తెలిసిన ఆట ఒకటి తీసుకుందాం. ముస్తఫా అని మనం పిలిచిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. అదీ, స్ట్రీట్ ఫైటర్ 2 ఒకే కుటుంబపు బోర్డుల మీద నడుస్తాయి. ఆ బోర్డు సెకనుకు 80 లక్షల చుక్కలు పంపుతుంది. కనిపించేవీ కనిపించనివీ కలిపి ఒక గీతకు 512 చుక్కలు. 80,00,000ను 512తో భాగిస్తే 15,625 వస్తుంది. జపాన్ బోర్డు, మన దూరదర్శన్ గీతల వేగం తేడా లేకుండా ఒక్కటే! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్లీ వేసి చూశాను.

అన్ని ఆటలూ ఇంత కచ్చితంగా కుదరవు. ప్యాక్‌మ్యాన్ బోర్డు సెకనుకు 61,44,000 చుక్కలు పంపుతుంది, గీతకు 384. అంటే 16,000 గీతలు. మోర్టల్ కాంబాట్ సుమారు 15,810. టీవీలు మామూలుగా కొన్ని వందల హెర్ట్జ్‌ల తేడాను పట్టుకుని నిలబెట్టగలవు కాబట్టి ఇవన్నీ దాదాపుగా నడుస్తాయి. డేటోనా యూఎస్‌ఏ లాంటి సెగా మోడల్ 2 ఆటలు మాత్రం 24 కిలోహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. కంప్యూటర్ వీజీఏ సిగ్నల్ 31 దగ్గర ఉంటుంది. వీటిని మామూలు టీవీకి ఇస్తే బొమ్మ ఏటవాలు గీతలుగా చీలిపోతుంది. ఎక్కడ కలిపినా ప్రయోజనం ఉండదు.

ఆర్కేడ్‌లో మరో రకం ఆటలున్నాయి. ఆస్టరాయిడ్స్, టెంపెస్ట్ లాంటి వెక్టర్ ఆటల్లో తెర మీద గీతలు వరుసగా పడవు. పుంజం కలం పట్టినట్టు నేరుగా బొమ్మను గీస్తుంది. టీవీ సర్క్యూట్ ఒకే లయలో ఎడమ నుంచి కుడికి ఊగడానికే కట్టినది. దానితో ఆ పని చేయించలేం.

50, 60 తేడా: బొమ్మ ఎందుకు కుంచించుకుపోతుంది

అడ్డగీతల లెక్క కుదిరింది. నిలువు లెక్క వేరు. మన టీవీ ఒక్కో బొమ్మను రెండు సగాలుగా గీస్తుంది కాబట్టి సెకనుకు 50 సార్లు పైనుంచి కిందికి వస్తుంది. ముస్తఫా బోర్డు ఒక తెరకు 262 గీతలే పంపుతుంది. 15,625ను 262తో భాగిస్తే 59.6. అంటే టీవీ అనుకున్నదానికంటే తొందరగా బోర్డు పైకి రమ్మంటుంది.

50కే కట్టిన పాత టీవీలో పుంజం అలవాటైన నిదానంతో కిందికి దిగుతుంటే, అడుగుకు చేరేలోపే కొత్త బొమ్మ పిలుపు వచ్చేస్తుంది. పాల్‌లో ఒకసారికి కనిపించే గీతలు సుమారు 287. ఈ ఆటలో కనిపించేవి 224. భాగిస్తే 78 శాతం. తెర ఎత్తులో నాలుగో వంతుకు దగ్గరగా నల్లగా మిగిలిపోతుంది. సింక్ పట్టకపోతే బొమ్మ పైకో కిందికో దొర్లుతూనే ఉంటుంది. ఈ టీవీల్లో వెనక నిలువు హోల్డ్, ఎత్తు సర్దే మరలు ఉంటాయి. వాటితో చాలావరకు సరిచేస్తారు.

1990ల తర్వాత మన మార్కెట్లోకి వచ్చిన మల్టీ సిస్టమ్ టీవీలు తెలివైనవి. 60 అని గుర్తుపట్టి పుంజం దిగే వేగాన్ని తామే పెంచుకుంటాయి. అప్పుడు 224 గీతలు సుమారు 240 గీతల చోటులో పరుచుకుని తెరను 93 శాతం నింపుతాయి. అడ్డంగా చూస్తే 384 చుక్కలకు 48 మైక్రోసెకన్లు పడుతుంది. పాల్ గీతలో బొమ్మకు కేటాయించిన సమయం 52. టీవీలు అంచుల్ని కొంచెం ఫ్రేమ్ వెనక దాచేస్తాయి కాబట్టి వెడల్పు కూడా దాదాపు అతికినట్టే సరిపోతుంది.

మోర్టల్ కాంబాట్ లాంటిది మాత్రం సెకనుకు 54.7 సార్లు వస్తుంది. అటు 50 కాదు, ఇటు 60 కాదు. ఒక టీవీ దీన్ని నిలకడగా చూపిస్తుంది, అదే కంపెనీ తర్వాతి మోడల్ అదురుతుంది. "నా దగ్గర పనిచేసింది", "నా దగ్గర పనిచేయలేదు" అనే వాదనల్లో చాలా వాటి మూలం ఇక్కడే.

మొదటి దారి: పసుపు సాకెట్

టీవీ మూత కూడా తెరవక్కర్లేని దారి ఇది. బోర్డు ఇచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను ఒక ఎన్‌కోడర్ చిప్ ద్వారా మామూలు వీడియోగా మార్చి ఏవీ సాకెట్‌లో ఇస్తారు. గేమ్ బోర్డును ఇంట్లో టీవీ మీద ఆడించడానికి చేసుకునే సూపర్‌గన్ అనే పెట్టెల్లో చాలా వాటి పని ఇదే. ఏవీ లేని టీవీకైతే ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి, మాడ్యులేటర్ పెట్టి యాంటెన్నా దారిలో పంపాలి. అది అన్నిటికంటే మసక.

బొమ్మ వస్తుంది, ఆడొచ్చు. నష్టం ఎక్కడో చూద్దాం. పాల్‌లో రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెలుగుతో కలిసే ప్రయాణిస్తుంది. ముస్తఫా బోర్డు ఒక చుక్క తెలుపు, పక్క చుక్క నలుపు, మళ్లీ తెలుపు అని వరుసగా గీస్తే, ఆ మార్పు సెకనుకు 40 లక్షల సార్లు జరుగుతుంది. అది 4 మెగాహెర్ట్జ్. రంగు కూర్చున్న చోటుకు ఆనుకునే ఉంది. టీవీ దాన్ని వివరం అనుకోవాలో రంగు అనుకోవాలో తేల్చుకోలేదు. ఫిల్టర్ వేసి నునుపు చేసేస్తుంది, లేదా లేని రంగులు పూస్తుంది. అందుకే ఏవీ దారిలో చిన్న అక్షరాల అంచున ఇంద్రధనుస్సు మరకలు కనిపిస్తాయి. ఎర్రటి దుస్తుల అంచులు పక్కకు కారినట్టుంటాయి. ఆటగాడి ముఖంలో కన్నూ కనుబొమా కలిసిపోతాయి. ట్యూబు ఎంత మంచిదైనా ఈ నష్టం తిరిగి రాదు. ఎన్‌కోడర్‌లోనే పోయింది కాబట్టి.

రెండో దారి: ఆకుపచ్చ వాల్యూమ్ గీతలు వచ్చే దారి

ఈ దారి గురించి నాకు అర్థమయ్యేలా చెప్పింది మా వీధి చివరి టీవీ మెకానిక్. ఆయన బల్ల మీద వెనక మూత తీసిన 21 అంగుళాల టీవీ ఒకటి నడుస్తోంది. కేబుల్ సరిగ్గా అందక తెరంతా చుక్కలు, బొమ్మ పొగమంచులో ఉన్నట్టుంది. ఆయన రిమోట్ తీసుకుని వాల్యూమ్ నొక్కాడు. తెర అడుగున ఆకుపచ్చ గీతలు వరుసగా లేచాయి.

"వీటిని చూడు తమ్ముడూ. బొమ్మంతా మసగ్గా ఉంది, ఇవి మాత్రం బ్లేడుతో కోసినట్టు లేవూ?"

"ఎందుకన్నా?"

"ఇవి యాంటెన్నాలోంచి రాలేదు. ఇదిగో, ఈ చిప్ పుట్టించింది. నేరుగా ఆర్‌జీబీలో కలుస్తాయి."

చాలా రంగు టీవీల్లో ఛానెల్ నంబరు, వాల్యూమ్ గీతలు పుట్టించే మైక్రో చిప్ తన ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను ప్రధాన వీడియో చిప్‌కు విడిగా అందిస్తుంది. వాటితో పాటు బ్లాంకింగ్ అనే నాలుగో తీగ ఉంటుంది. "ఈ క్షణంలో మామూలు బొమ్మ ఆపు, నాది చూపించు" అని చెప్పడమే దాని పని. గీత ఉన్న మేర అది పలుకుతుంది, గీత దాటగానే మానేస్తుంది. గేమ్ బోర్డు ఆర్‌జీబీని ఈ తలుపు దగ్గర కలిపి, బ్లాంకింగ్‌ను ఎప్పుడూ పలికేలా ఉంచితే, టీవీ తెర మొత్తాన్ని ఒక పెద్ద వాల్యూమ్ గీతలాగే చూస్తుంది. బొమ్మ అంత పదునుగా వస్తుంది. ఈ తలుపు సింక్ తీసుకోదు. దాన్ని పసుపు సాకెట్ ద్వారానే ఇస్తారు. ఐరోపా వాళ్లకు ఈ తిప్పలు తక్కువ. వాళ్ల టీవీల వెనకుండే స్కార్ట్ సాకెట్‌లో ఆర్‌జీబీ, బ్లాంకింగ్ బయటికే ఇచ్చేశారు. ఫ్రాన్స్‌లో 1980 నుంచి అది తప్పనిసరి కూడా. మన దేశపు టీవీల్లో అది అరుదు కాబట్టి లోపలికి వెళ్లాల్సి వస్తుంది.

"బోర్డు మాడిపోతుంది" అన్న మాటకు ఆధారం ఈ దారిలో దొరుకుతుంది. టీవీ చిప్ ఆర్‌జీబీలో ఆశించేది 0.7 వోల్టు. ఆర్కేడ్ బోర్డులు మానిటర్‌కు 3 నుంచి 5 వోల్టుల దాకా ఇస్తాయి. అంత నేరుగా పోస్తే తెర తెల్లగా వెలిగిపోయి, రంగులు సున్నం కొట్టినట్టవుతాయి. చిప్‌కూ ప్రమాదమే. మధ్యలో నిరోధకం పెట్టి తగ్గిస్తారు. ఉదాహరణకు బోర్డు 3 వోల్టులు ఇస్తోందనీ, టీవీ వైపు 75 ఓమ్‌లు ఉన్నాయనీ అనుకుందాం. 75 ఓమ్‌ల మీద 0.7 వోల్టు పడాలంటే 0.7/75, అంటే సుమారు 9.3 మిల్లీఆంపియర్లు ప్రవహించాలి. మిగిలిన 2.3 వోల్టులు నిరోధకం మీద పడాలి. 2.3ను 0.0093తో భాగిస్తే దాదాపు 247 ఓమ్‌లు. మార్కెట్లో దొరికే 240 గానీ 270 గానీ దగ్గరగా సరిపోతుంది. బోర్డును బట్టి అసలు వోల్టేజి మారుతుంది కాబట్టి ఈ అంకె అందరికీ వర్తించదు. లెక్క నడిచే తీరు ఇది.

ఇంకో చిక్కు. కొన్ని టీవీల్లో మైక్రో చిప్, వీడియో చిప్ రెండూ ఒకే ముక్కలో ఉంటాయి. వాల్యూమ్ గీతలు లోపలే పుట్టి లోపలే కలిసిపోతాయి, బయటికి తీగ కనిపించదు. అలాంటి వాటిలో కొన్నిటికి వేరే ఆర్‌జీబీ కాళ్లు ఉంటాయి, కొన్నిటికి ఉండవు. సర్క్యూట్ డయాగ్రమ్ చూస్తేగానీ తేలదు.

మూడో దారి: ట్యూబు ఒక్కటే తీసుకోవడం

మానిటర్ సర్క్యూట్ బాగానే ఉండి ట్యూబు మాత్రం పోయిన పెట్టెలుంటాయి. ప్యాక్‌మ్యాన్ పెట్టెల్లో ఇది అందరూ చూసినదే. ఏళ్ల తరబడి ఒకే చిక్కుదారి బొమ్మ వెలిగి వెలిగి అద్దం లోపలి ఫాస్ఫర్ పూత మీద అచ్చు పడిపోతుంది. కరెంటు తీసేసినా అద్దం మీద ఆ గోడలు బూడిద రంగు నీడలా కనిపిస్తాయి. ఇంట్లో రోజుకో సినిమా చూసిన టీవీ ట్యూబుకు ఈ జబ్బు ఉండదు. అందుకే కొందరు టీవీ ట్యూబును తీసి, పాత ఆర్కేడ్ మానిటర్ సర్క్యూట్, అంటే చాసిస్‌తో నడిపిస్తారు. బొమ్మ పూర్తిగా ఆర్కేడ్‌దే. పెట్టె సంప్రదాయం చెడదు. వెక్టర్ ఆటలకు కూడా, వాటి సొంత యోక్‌తో, ఇది ఒక్కటే టీవీ నుంచి పనికొచ్చే సాయం.

కుదరాల్సినవి మాత్రం ఎక్కువ. ట్యూబు మెడ లావు ఎక్కువగా రెండు రకాలు, సుమారు 29 మిల్లీమీటర్లు, 22.5 మిల్లీమీటర్లు. లావు తేడా వస్తే యోక్ పట్టదు, బేస్ కార్డు సాకెట్ కూడా పట్టకపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం యోక్. ఒక లెక్క చూద్దాం. అడ్డ చుట్ట ఇండక్టెన్స్ 2 మిల్లీహెన్రీలు, దాని మీద 120 వోల్టులు, తెర మధ్య నుంచి అంచు దాకా 26 మైక్రోసెకన్లు అనుకుంటే, అంచుకు చేరేసరికి కరెంటు 120 × 26 ÷ 2000, అంటే 1.56 ఆంపియర్లు. అదే చోట టీవీ నుంచి వచ్చిన 1 మిల్లీహెన్రీ యోక్ పెడితే కరెంటు రెట్టింపై 3.12కు పోతుంది. బొమ్మ ఫ్రేమ్ దాటి సాగిపోతుంది, లైన్ ట్రాన్సిస్టర్ సెగలు కక్కి షార్ట్ అవుతుంది. బీయూ508 అనే ఈ ట్రాన్సిస్టర్లు వరుసగా పోతున్నాయని తల పట్టుకునే సందర్భాల్లో ఇదొకటి.

యోక్‌లు దగ్గరగా కలిస్తే టీవీ యోక్‌ను ట్యూబు మీద నుంచి కదపకుండానే కలిపేస్తారు. అది వరం. ఫ్యాక్టరీలో మూడు రంగులూ ఒకే చోట పడేలా సర్ది, రబ్బరు ముక్కలు దోపి, జిగురు పోసి వదిలిన సెట్టింగ్ అలాగే ఉంటుంది. కలవకపోతే పాత యోక్‌ను కొత్త ట్యూబు మీదికి ఎక్కించి, మెడ మీది అయస్కాంత రింగులు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతల్ని ఒకదాని మీదికి ఒకటి తేవాలి. మధ్యలో కుదిరితే మూలల్లో విడిపోతాయి. మూలల్లో కుదిరితే మధ్యలో. ఓపిక ఉన్న మెకానిక్‌కు కూడా పూట పడుతుంది.

కరెంటు వైపు నుంచి చూస్తే

బొమ్మ గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రాణాలకు సంబంధించింది ఇదే.

ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్-గార్డ్‌నర్ కే7000 లాంటి పాత ఆర్కేడ్ మానిటర్ల గ్రౌండ్ నేరుగా మెయిన్స్ కరెంటుతో ముడిపడి ఉంటుంది. అందుకే పెట్టె అడుగున ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని విడిగా ఒకటుంటుంది. అది లేకుండా నడపకూడదు. టీవీకి ఆ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదని అంటారు. ఏవీ సాకెట్ ఉన్న టీవీ విషయంలో ఇది నిజం. మనిషి చేయి తగిలే సాకెట్ ఉండాలంటే లోపలి పవర్ సప్లై గ్రౌండ్‌ను మెయిన్స్ నుంచి విడదీయక తప్పదు. యాంటెన్నా సాకెట్ మాత్రమే ఉన్న పాత టీవీల్లో మొత్తం చాసిస్ 230 వోల్టుల లైవ్‌తో కలిసి ఉండే అవకాశం ఉంది. యాంటెన్నా దగ్గర కెపాసిటర్లే అడ్డు. అలాంటి దానికి గేమ్ బోర్డు గ్రౌండ్ కలిపితే, ఆ లైవ్ బోర్డులోకి, దాన్నుంచి నాణేల తలుపుకు, బటన్ల ప్యానెల్‌కు వచ్చేస్తుంది. ఆడుకునే పిల్లాడి చేతిదాకా అన్నమాట.

టీవీని ప్లాస్టిక్ డబ్బాలోంచి తీసి పెట్టెలో బిగిస్తేనే చూడటానికి బాగుంటుంది. కానీ ఆ డబ్బా అందం కోసం మాత్రమే పెట్టింది కాదు. ట్యూబు తానే ఒక పెద్ద కెపాసిటర్. స్విచ్ ఆపాక కూడా వేల వోల్టులు పట్టుకుని కూర్చుంటుంది. మెడ దగ్గర గాజు పల్చన. ఆర్కేడ్ పెట్టె వెనక తలుపు తీసేవాళ్లకు ఆర్కేడ్ మానిటరైనా, డబ్బా తీసిన టీవీ అయినా ప్రమాదం సమానమే.

చిన్న విషయం, రోజూ విసిగించేది ఒకటుంది. పెట్టె మెయిన్ స్విచ్ వేయగానే ఆర్కేడ్ మానిటర్ వెలుగుతుంది. చాలా టీవీలు స్టాండ్‌బైలో ఎర్ర లైటు చూపిస్తూ రిమోట్ కోసం ఎదురుచూస్తాయి. ఆ తర్వాత ఏవీ మోడ్‌కు మార్చాలి. నొక్కితే లోపలికి పోయి అలాగే ఉండే పాతకాలపు స్విచ్ ఉన్న టీవీలు ఈ పనికి నయం. శబ్దం విషయంలో చెప్పుకోవలసింది పెద్దగా లేదు. జామా బోర్డు స్పీకర్‌ను నేరుగా మోగించేంత బలంగా ఇస్తుంది కాబట్టి పెట్టె స్పీకర్‌కే ఇస్తారు, టీవీ ఆడియోలోకి పంపరు.

నిలువు తెర ఆటలు

ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్ లాంటి ఆటల్లో తెరను పక్కకు పడుకోబెట్టి బిగిస్తారు. టీవీని అలా తిప్పగానే మూలల్లో ఊదా, ఆకుపచ్చ మరకలు వస్తాయి. ట్యూబు పాడైందని భయపడతారు. భూమి అయస్కాంత క్షేత్రం ట్యూబు లోపలి ఉక్కు రేకు మీద ఒక దిశలో ముద్ర వేసి ఉంటుంది. తిప్పితే ఆ దిశ మారుతుంది, పుంజం పక్క రంగు మీద పడుతుంది. టీవీ చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయగానే గుంయ్‌మనే శబ్దంతో డీగాసింగ్ కాయిల్ ఈ ముద్రను చెరిపేస్తుంది. కొన్నిసార్లు రెండు మూడు రోజులు, ఆపి చల్లారనిచ్చి మళ్లీ వేస్తే సర్దుకుంటుంది. వేడి సంగతి వేరు. పైకి పోయేలా చేసిన కంతలు ఇప్పుడు పక్కకు తిరిగి ఉంటాయి.

ఎవరి వాదన ఏమిటి

పాత పెట్టెల్ని ఉన్నవి ఉన్నట్టు కాపాడాలనేవాళ్లు టీవీని ఒప్పుకోరు. వాళ్ల మాటలో బలం ఉంది. పాత మానిటర్లలో చాలా వాటికి పోయింది ఎండిపోయిన కెపాసిటర్లో, ఎల్‌ఓటీయో మాత్రమే. టీవీ కోసం మానిటర్ ఫ్రేమ్ పీకేసి, చెక్కను కోసేస్తే రేపు భాగాలు దొరికినా వెనక్కి రాలేరు.

ఎల్‌సీడీ పెట్టేసుకోమనేవాళ్లది ఇంకో మాట. తేలిక, చల్లన, ఈహెచ్‌టీ భయం లేదు. కానీ ముస్తఫా బోర్డు పంపే 224 గీతలు ఎప్పుడూ ఒకే చోట పడతాయి. మధ్య గీతల చోటు చీకటిగా మిగులుతుంది. ఆ కాలం చిత్రకారుల్లో చాలామంది ఆ చీకటి చారల్ని లెక్కలో పెట్టుకుని బొమ్మలు గీశారని చెబుతారు. చాలా ఎల్‌సీడీలు దీన్ని రెండు సగాలుగా వచ్చే టీవీ బొమ్మ అని పొరబడి, కలిపి, సాగదీసి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపిస్తాయి. పాయింట్ బ్లాంక్ లాంటి, తెరకు తుపాకీ గురిపెట్టి ఆడే లైట్ గన్ ఆటలైతే అసలు పనిచేయవు. తుపాకీ కనిపెట్టేది పుంజం ఆ చోటు దాటిన క్షణాన్ని. ఎల్‌సీడీలో పుంజమే లేదు. మామూలు డబ్బా టీవీకి ఈ రెండు ఇబ్బందులూ లేవు. బొమ్మను దాచుకుని రెట్టింపు చేసి చూపే 100 హెర్ట్జ్ టీవీలకు మాత్రం ఎల్‌సీడీ జబ్బులే ఉంటాయి.

ఈ రెండు వాదనల మధ్య నా మొగ్గు చెబుతాను. మానిటర్ బాగయ్యే స్థితిలో ఉంటే దాన్ని బాగుచేయడమే మేలు. బాగవదని తేలితే ఆర్‌జీబీ దారిలో కలిపిన టీవీకి ఎల్‌సీడీ సాటి రాదు. పసుపు సాకెట్‌తో సరిపెట్టి, "టీవీ బొమ్మ ఇంతే" అని తీర్పు చెప్పడం మాత్రం న్యాయం కాదు.

అసలు పెట్టె అంటే ఏది అన్న ప్రశ్నకు మన ఊళ్లలో జవాబు వేరేలా ఉంటుంది. నేను రూపాయి బిళ్లలు పోసి ముస్తఫా ఆడిన వీడియో గేమ్ షాపులో పెట్టెలు అమెరికావీ కావు, జపాన్‌వీ కావు. ఊళ్లో వడ్రంగి ప్లైవుడ్‌తో చేసినవి. ఒకరోజు బొమ్మ దొర్లిపోతుంటే షాపాయన వెనక తలుపు తీశాడు. లోపల డబ్బా ఊడదీసిన ఇంటి టీవీ, కొబ్బరి తాడుతో రెండు కొయ్యలకు కట్టి ఉంది. ఆయన చేయి దూర్చి నిలువు హోల్డ్ మరను కాస్త తిప్పాడు, బొమ్మ నిలబడింది. ఆ పెట్టె ఈరోజు ఎవరికైనా దొరికి, అందులో విదేశాల నుంచి తెప్పించిన ఆర్కేడ్ మానిటర్ పెడితే, దాని అసలు రూపాన్ని మార్చినట్టవుతుంది.